తోట చెత్త బరువు వెనక కనిపించని వంటింటి చెత్త: ఒక పట్టణ సేకరణ సేవను మార్చిన తీరు

వంటింట్లో మిగిలే ఆహార వ్యర్థాలనూ, పెరటి నుంచి వచ్చే గడ్డి, ఆకులు, కొమ్మల కత్తిరింపులనూ ఒకే పెద్ద డబ్బాలో వేయించుకుని రెండు వారాలకొకసారి తీసుకెళ్లే సేవ ఒక మధ్యస్థాయి పట్టణంలో చాలాకాలంగా నడుస్తూ ఉండేది. దాన్ని మెరుగుపరిచే బాధ్యత మా బృందానికి వచ్చింది. ఇంటి ముందు సేకరణ నుంచి కంపోస్టు కేంద్రంలో ఎరువు తయారీ వరకూ మొత్తం గొలుసును మేమే పర్యవేక్షించాం కనుక ఒక చోట చేసిన మార్పు మరొక చోట ఏమి చేస్తుందో దగ్గరగా చూడగలిగాం. అక్కడ ఏమి కనుగొన్నామో, ఏమి మార్చామో, ఏది ఇంకా కుదరలేదో ఇక్కడ నమోదు చేస్తున్నాను.

కాగితాల్లో ఆ సేవకు ఏ లోటూ లేదు. సేకరించిన సేంద్రియ వ్యర్థాల టన్నులు ఏటేటా పెరుగుతున్నాయి. వార్షిక నివేదికల్లో ఆ పెరుగుదలకే మొదటి స్థానం. అయినా డంపింగ్ యార్డుకు వెళ్లే చెత్త మాత్రం చెప్పుకోదగినంతగా తగ్గలేదు. కంపోస్టు కేంద్రం చుట్టుపక్కల నివసించేవాళ్ల నుంచి దుర్వాసన ఫిర్యాదులు ఆగలేదు. తయారైన ఎరువును ఉచితంగా ఇస్తామన్నా రైతులూ నర్సరీలవాళ్లూ ఒకసారి తీసుకెళ్లి రెండోసారి రాలేదు. ఈ మూడూ వేర్వేరు సమస్యలని అందరూ అనుకునేవాళ్లు, వాటిని వేర్వేరు విభాగాలే చూసుకునేవి. మా పరిశీలనలో మూడింటికీ మూలం ఒక్కటేనని తేలింది. ఆహార వ్యర్థాలనూ తోట చెత్తనూ కంపోస్టు కేంద్రంలో కొలత ప్రకారం కలపాలి. ఇంటి ముందు డబ్బాలో కొలత లేకుండా కలిపితే ఆ తరువాత ఏ యంత్రమూ దాన్ని పూర్తిగా సరిదిద్దలేదు.

టన్నులు చెప్పని సంగతి

మొదట చేసిన పని చెత్తను పరిచి చూడటం. పెద్ద పెరళ్లున్న ఇళ్లు, పెరడు దాదాపు లేని ఇరుకు వీధులు, అపార్టుమెంట్లు అని మూడు రకాల ప్రాంతాలను ఎంచుకుని, ఒకే రోజున ఆయా ఇళ్ల సేంద్రియ డబ్బాలనూ, మిగతా చెత్త సంచులనూ విడివిడిగా తెప్పించి, టార్పాలిన్ల మీద పోసి, చేత్తో ఏరి, రకాల వారీగా తూచాం. ముందుగా చెబితే ఇళ్లవాళ్లు ఆ వారం ప్రత్యేకంగా జాగ్రత్తపడతారు కనుక తేదీని ప్రకటించలేదు. ఏ సంచి ఏ ఇంటిదో రాసుకోలేదు.

సేంద్రియ డబ్బాల్లో పైనుంచి కింది దాకా గడ్డి, ఆకులే. ఆహార వ్యర్థాలు ఉన్న కొద్ది డబ్బాల్లో అవి ముడి వేసిన ప్లాస్టిక్ కవర్లలో అడుగున పడి ఉన్నాయి. అదే ఇళ్ల మిగతా చెత్త సంచులను విప్పితే అన్నిటికంటే బరువైన భాగం ఆహార వ్యర్థాలదే: తొక్కలు, పాడైన కూరగాయలు, వండి పారేసినవి, కొన్నప్పటి ప్యాకెట్ విప్పకుండానే పడేసినవి. అంటే సేంద్రియ సేవ ఉన్నా, దానితో తప్పించాల్సిన పదార్థం మాత్రం యథాప్రకారం యార్డుకే చేరుతోంది.

టన్నుల లెక్క దీన్ని ఎలా కప్పిపెట్టిందో ఒక ఊహా ఉదాహరణతో చెబుతాను. ఒక ఇంట్లో వారానికి 4 కిలోల ఆహార వ్యర్థాలు వస్తాయనుకుందాం. అందులో 1 కిలో సేంద్రియ డబ్బాలోనూ 3 కిలోలు మిగతా చెత్తలోనూ పడితే, ఆహార వ్యర్థాల్లో సేకరించగలిగిన వాటా 25 శాతం మాత్రమే. అదే ఇల్లు ఆ వారం 20 కిలోల గడ్డి కోసి డబ్బాలో వేస్తే నివేదికలో 21 కిలోలు కనిపిస్తాయి, సేవ అద్భుతంగా ఉందనిపిస్తుంది. పైగా పెద్ద డబ్బా ఉచితంగా వచ్చినప్పుడు, అంతకుముందు పెరట్లోనే ఒక మూల కుప్ప వేసి మురగబెట్టుకునే గడ్డి, ఆకులు కూడా లారీ ఎక్కుతాయి. అది వ్యర్థాలను తగ్గించడం కాదు. ఇంటి దగ్గరే మట్టిలో కలిసిపోయేదాన్ని డీజిల్ పోసి తరలించడం. అందుకే మొత్తం టన్నులను పక్కన పెట్టి, ఉత్పత్తి అయిన ఆహార వ్యర్థాల్లో ఎంత వాటా సేకరణలోకి వచ్చింది అన్నదాన్నే ప్రధాన కొలమానంగా తీసుకున్నాం. ఇది ప్రతి నెలా లారీ తూకంతో తెలిసే అంకె కాదు, చెత్తను మళ్లీ మళ్లీ ఏరి చూడాల్సిందే. ఆ ఖర్చు పెట్టడానికి వెనకాడే పాలక సంస్థలకు తమ సేవ ఏ స్థితిలో ఉందో తెలియదు.

ఆహార వ్యర్థాల మీదే ఎందుకింత పట్టుదల అంటే, యార్డులో గాలి అందని పొరల్లో అవి త్వరగా కుళ్లి మీథేన్ విడుదల చేస్తాయి. గ్యాస్ సేకరణ గొట్టాలు బిగించేలోపే అందులో ఎక్కువ భాగం గాల్లో కలిసిపోతుంది. అమెరికా పర్యావరణ పరిరక్షణ సంస్థ 2023లో వెలువరించిన అంచనా ప్రకారం అక్కడి పురపాలక ల్యాండ్‌ఫిల్‌ల (చెత్తను పూడ్చే యార్డుల) నుంచి పట్టుబడకుండా వెలువడే మీథేన్‌లో 58 శాతం ఆహార వ్యర్థాలదే. 20 ఏళ్ల కాలవ్యవధిలో చూస్తే మీథేన్ కార్బన్ డయాక్సైడ్ కంటే సుమారు 80 రెట్లు ఎక్కువగా వేడిని పట్టి ఉంచుతుంది. ఐక్యరాజ్యసమితి పర్యావరణ కార్యక్రమం 2024లో ఇచ్చిన నివేదిక ప్రకారం 2022లో ప్రపంచంలో 105 కోట్ల టన్నుల ఆహారం వ్యర్థమైంది, అందులో సుమారు 60 శాతం ఇళ్ల నుంచి వచ్చింది. ఎండిన కొమ్మల విషయంలో ఇంత తొందర లేదు.

జనం ఎందుకు వేయలేదు

ఇళ్లవాళ్లకు అవగాహన లేదన్నది అప్పటిదాకా అందరూ ఒప్పుకున్న వివరణ. ఇంటింటికీ వెళ్లి అడిగితే అవగాహన లేనివాళ్లు చాలా తక్కువమంది కనిపించారు. వాళ్లు చెప్పిన కారణం సూటిగా ఉంది: ఆహార వ్యర్థాలను రెండు వారాలు ఇంటి దగ్గర ఉంచుకోలేం. వెచ్చని వాతావరణంలో ఈగ గుడ్డు నుంచి పెరిగి ఎగిరే దశకు రావడానికి 7 నుంచి 10 రోజులు చాలు. రెండు వారాల విరామం అంటే మూత తీసేసరికి పురుగులు, ఈగలు సిద్ధంగా ఉంటాయన్నమాట. మిగతా చెత్త సంచులేమో వారం వారం వెళ్లిపోతున్నాయి. కుళ్లేదాన్ని త్వరగా వెళ్లే సంచిలో వేయడం ఆ ఇంటివాళ్ల తెలివే. మా ప్రచార పత్రాలు ఎన్ని పంచినా ఆ తెలివిని ఓడించలేవు, ఓడించాలనుకోవడం కూడా సరికాదు. కాలపట్టికే తలకిందులుగా ఉంది, దాన్ని మార్చాలి.

పెరడు లేని ఇళ్లకు మరొక అడ్డంకి ఉంది. తోట చెత్త కోసం తయారుచేసిన చక్రాల డబ్బాను పెట్టుకునే చోటు వాళ్లకు లేదు. సేవ అందరిదని చెప్పుకున్నా, దాని రూపం పెరడున్నవాళ్లకే సరిపోయేలా ఉంది.

రెండు దారులు, రెండు పట్టికలు

ఆహార వ్యర్థాలకు వారానికొకసారి ప్రత్యేక సేకరణ పెట్టాం. వంటింటి గట్టు మీద పట్టే చిన్న బుట్ట ఒకటి, బయట ఉంచే 20 నుంచి 25 లీటర్ల గట్టి మూత డబ్బా ఒకటి ప్రతి ఇంటికీ ఇచ్చాం. బయటి డబ్బా పిడిని ముందుకు తిప్పితే మూతకు తాళం పడుతుంది, జంతువులు తెరవలేవు. వేడి ఎక్కువగా ఉండే ప్రాంతాల్లో వారం కూడా సరిపోదు, వారానికి రెండు మూడు సార్లు అవసరమవుతుంది. తోట చెత్తకు పెద్ద డబ్బాను అలాగే ఉంచి, పెరుగుదల కాలంలో రెండు వారాలకొకసారి, ఎండు కాలంలో నెలకొకసారి అన్నాం. పెరట్లోనే కంపోస్టు చేసుకునేవాళ్లు డబ్బా తిరిగి ఇచ్చేయవచ్చని కూడా చెప్పాం.

ఈ రూపకల్పనలో మాకు ధైర్యమిచ్చినది ఇటలీలోని మిలాన్ నగరం. అత్యధికులు అపార్టుమెంట్లలో నివసించే ఆ నగరంలో 2012 నవంబరులో ఒక భాగంతో మొదలుపెట్టి 2014 జూన్ నాటికి సుమారు 14 లక్షల జనాభా మొత్తానికీ ఇళ్ల ఆహార వ్యర్థాల సేకరణను విస్తరించారు. గాలి ఆడే వంటింటి బుట్టలు, కంపోస్టయ్యే సంచులు, భాగాల వారీగా విస్తరణ అనే మూడు అంశాలు అక్కడ కలిసి పనిచేశాయి. గాలి ఆడే బుట్టలో తేమ ఆవిరై బరువు తగ్గుతుంది, వాసన తక్కువ. మేము కూడా పట్టణమంతటా ఒకేసారి కాకుండా ఒక్కో రూటు చొప్పున వెళ్లాం. కొత్త రూటు తెరిచేముందు పాత రూటు కార్మికులతో కూర్చుని, వాళ్లు చెప్పినదాన్ని బట్టి పట్టికను దిద్దుకున్నాం.

సంచుల విషయంలో నిర్ణయం కంపోస్టు కేంద్రానిది కావాలి, ప్రచార విభాగానిది కాదు. యూరప్ ప్రమాణం ఈఎన్ 13432 ప్రకారం ధ్రువీకరణ పొందిన సంచి 12 వారాల కంపోస్టింగ్ తరువాత 2 మిల్లీమీటర్ల జల్లెడ పట్టినప్పుడు 10 శాతానికి మించి మిగలకూడదు. 6 నెలల్లో కనీసం 90 శాతం జీవక్రియల ద్వారా విచ్ఛిన్నం కావాలి. వేడి నిలబడే కంపోస్టు కేంద్రంలో ఇది సాధ్యమే. బయోగ్యాస్ కేంద్రాల్లో చాలావరకు సంచి ఏదైనా సరే మొదటి యంత్రంలోనే చించి బయటకు తీసేస్తాయి, అక్కడ ఖరీదైన సంచి పెట్టి సాధించేది తక్కువ. మాది కంపోస్టు కేంద్రం కనుక ధ్రువీకరించిన సంచులనే, అదీ ఒకే రంగులో అనుమతించాం. ఒకే రంగు ఉండాలన్నది చిన్న విషయంలా కనిపిస్తుంది గాని, తెల్లవారుజామున లాంతరు వెలుగులో మూత ఎత్తి చూసే కార్మికుడికి మామూలు ప్లాస్టిక్ కవరును గుర్తుపట్టడానికి అంతకంటే తేలికైన మార్గం లేదు. సంచి వద్దనుకునేవాళ్లు పాత వార్తాపత్రికలో చుట్టి వేయవచ్చు.

కలుషితాన్ని ఆపగలిగిన చోటు కూడా అదే, డబ్బా మూత ఎత్తే క్షణం. కవరు కనిపిస్తే కార్మికుడు డబ్బా పిడికి బొమ్మల చీటీ తగిలిస్తాడు. ఏది పడకూడదో ఆ బొమ్మ మీద గీత పెడతాడు. మళ్లీ అదే కనిపిస్తే రెండో చీటీ, ఆ తరువాత కూడా మారకపోతే డబ్బాను ఖాళీ చేయకుండా వదిలేసి, ఆ రోజే ఒకరు వెళ్లి ఇంటివాళ్లతో మాట్లాడతారు. చాలా ఇళ్లలో మొదటి చీటీతోనే సరిపోయింది. మొత్తం పట్టణానికి ఒకే సలహా ఇచ్చే కరపత్రం కంటే, తన డబ్బాలో తను వేసిన వస్తువు గురించి వచ్చిన చీటీని మనిషి పట్టించుకుంటాడు.

కార్మికుల శరీర శ్రమ గురించి ఇక్కడ చెప్పకుండా ఉండలేను. ఆహార వ్యర్థాల్లో 70 నుంచి 80 శాతం నీరే, కాబట్టి చిన్న డబ్బా అయినా నిండితే బరువు. దాన్ని ప్రతి గుమ్మం నుంచి లారీ దాకా మోసి, భుజం ఎత్తుకు లేపి పోయమంటే ఒక్క ఏడాదిలో నడుములు పోతాయి. అందుకని చక్రాలున్న మధ్యస్థ తొట్టిని వీధిలో లాక్కుంటూ వెళ్లి, డబ్బాలను నడుము ఎత్తులోనే అందులో పోసి, తొట్టిని లారీ లిఫ్టుతో ఎత్తే పద్ధతి పెట్టాం. ఊట నీరు రోడ్డు మీద కారకుండా లారీ వెనక తలుపుకు రబ్బరు సీలు ఉండాలని కొనుగోలు నిబంధనల్లోనే రాశాం. రోడ్డు మీద ఒక్కసారి కారిన ఊట, పది సమావేశాల్లో సంపాదించుకున్న నమ్మకాన్ని పోగొడుతుంది.

ఆహార వ్యర్థాల సేవ నిలదొక్కుకున్నాకే మిగతా చెత్త సేకరణను వారం నుంచి రెండు వారాలకు మార్చాం. పసిపిల్లల డైపర్లు, మంచం పట్టినవాళ్ల ప్యాడ్లు ఉన్న ఇళ్లకు మినహాయింపు ఇచ్చాం. ఈ వరుస ముఖ్యం. ముందు సౌకర్యం ఇచ్చి తరువాత పాత దారిని ఇరుకు చేస్తే జనం ఒప్పుకుంటారు. వరుస తిరగబడితే అది సేవల కోతగా మాత్రమే కనిపిస్తుంది. బుట్ట వంటింట్లోకి వచ్చాక మరొక మార్పు కూడా గమనించాం: ఎంత పారేస్తున్నామో కళ్లకు కనిపించడంతో, కొనడమే తగ్గించామని చెప్పినవాళ్లు ఉన్నారు. తూకంలో ఇది నష్టంగా కనిపిస్తుంది, నిజానికి అంతకంటే మంచి ఫలితం లేదు.

కంపోస్టు కేంద్రంలో

దుర్వాసనకు అసలు కారణం ఇక్కడ అర్థమైంది. తోట చెత్త అంటే ఒకే పదార్థం అన్నట్టు మాట్లాడతాం గాని పచ్చగడ్డి, ఎండుటాకులు, కొమ్మల ముక్కలు మూడూ మూడు రకాలు. సూక్ష్మజీవులు చురుగ్గా పనిచేయాలంటే కుప్పలో కార్బన్, నైట్రోజన్ నిష్పత్తి (ఒక పాలు నైట్రోజన్‌కు ఎన్ని పాళ్లు కార్బన్ అన్నది) 25 నుంచి 35 మధ్య ఉండాలి. ఆహార వ్యర్థాల్లో అది 15 దగ్గర, పచ్చగడ్డిలోనూ 15 నుంచి 20 దగ్గరే. ఎండుటాకుల్లో 40 నుంచి 80, చెక్క ముక్కల్లో వందల్లో ఉంటుంది. వానలు పడ్డాక పాత డబ్బాల్లో వచ్చేది ఆహార వ్యర్థాలతో పాటు తడి గడ్డి; రెండూ నైట్రోజన్ ఎక్కువ, నీరు ఎక్కువ, కుదించుకుపోయి గాలి ఆడనివ్వవు. ఈ మిశ్రమానికి సమతూకం తేగలిగిన కొమ్మలేమో డబ్బాలో పట్టవు కాబట్టి వాటిని జనం ఎక్కడో కాల్చేసేవాళ్లు లేదా ఖాళీ స్థలాల్లో పడేసేవాళ్లు. కేంద్రానికి అత్యవసరమైన పదార్థాన్నే ఆ డబ్బా కొలతలు బయట నిలబెట్టాయి. మూత మూసిన డబ్బాలో రెండు వారాలు పులిసి, కేంద్రానికి వచ్చేసరికే ఆ తడి మిశ్రమం పుల్లని వాసన వేసేది.

అందుకని కొమ్మలకు వేరే పిలుపు సేవ పెట్టాం. ఫోన్ చేస్తే వచ్చి తీసుకెళ్లి, కేంద్రంలో ముక్కలు చేసి, వానాకాలానికి సరిపడా పొడిగా నిల్వ చేసుకున్నాం. ఆహార వ్యర్థాల లోడు దిగిన రోజే, పడిన గంటల్లోనే, ఘనపరిమాణంలో ఒక పాలు ఆహార వ్యర్థాలకు రెండు నుంచి మూడు పాళ్లు చెక్క ముక్కలు, ఆకులు కలపాలని నియమం పెట్టాం. తడి లోడు రాత్రంతా నేల మీద ఉండకూడదు. దిగిన వెంటనే కింద చెక్క ముక్కల పరుపు, పైన మరొక పొర.

మిశ్రమం సరిగ్గా ఉందో లేదో చూసుకోవడానికి ప్రయోగశాల అక్కర్లేదు. 20 లీటర్ల బకెట్‌ను మూడో వంతు నింపి నేలకు పదిసార్లు తట్టాలి. మరో మూడో వంతు పోసి ఐదారుసార్లు తట్టాలి. అంచు దాకా నింపి తూచాలి. బకెట్ బరువు తీసేశాక 12 కిలోలకు మించితే, అంటే ఘనపు మీటరుకు 600 కిలోలు దాటితే, కుప్పలో గాలి ఆడదు, ఇంకా చెక్క కలపాలి. తేమకు పిడికిలి పరీక్ష: గుప్పెట నొక్కితే ఒకటి రెండు చుక్కలు రావాలి, ధార రాకూడదు, అది సుమారు 50 నుంచి 60 శాతం తేమ. ఈ రెండు పరీక్షలను ప్రతి కుప్పకూ షిఫ్టు కార్మికులే చేసి పలక మీద రాస్తారు. దుర్వాసన ఫిర్యాదులు తగ్గడంలో కొత్త యంత్రాల కంటే ఈ బకెట్‌కే ఎక్కువ పాత్ర ఉందని నా అభిప్రాయం.

వ్యాధికారక క్రిములను చంపడానికి పాటించిన ప్రమాణం తెలిసిందే: కింది నుంచి గాలి ఊదే కుప్పల్లోనైతే 55 డిగ్రీల సెల్సియస్ పైన వరుసగా 3 రోజులు, ఆరుబయట తిరగేసే వరుసల్లోనైతే 15 రోజులు, ఆ కాలంలో కనీసం 5 సార్లు తిరగేయడం. ఆహార వ్యర్థాలున్న మిశ్రమాన్ని మొదటి దశలో కప్పు కిందే, గాలి ఊదే కుప్పల్లో ఉంచాం. బయటకు పోయే గాలిని చెక్క ముక్కల బయోఫిల్టర్ (సూక్ష్మజీవులతో వాసనను తగ్గించే పొర) గుండా పంపాం.

ఎరువు తీసుకెళ్లేవాళ్లు

ఎరువు ఎవరూ ఎందుకు తీసుకెళ్లలేదో వాళ్లనే అడిగాం. నర్సరీలవాళ్లు ముందుగా చూపించింది గాజు పెంకులు, ప్లాస్టిక్ పీలికలు. చేతులు పెట్టి పనిచేసే పదార్థంలో ఒక్క గాజు ముక్క కనిపిస్తే ఆ లోడంతా పనికిరానిదే. జల్లెడ ప్లాస్టిక్ ముక్కల్లో పెద్దవాటిని ఆపుతుంది, మెత్తగా నలిగిన గాజును ఆపలేదు. అందుకే మూత ఎత్తే దగ్గరి జాగ్రత్తకు ఇక్కడ విలువ తెలుస్తుంది.

రెండోది కంటికి కనిపించనిది. క్లోపిరాలిడ్, అమినోపిరాలిడ్ వంటి కలుపు మందులు కంపోస్టు కుప్పలో తేలికగా విచ్ఛిన్నం కావు. పచ్చిక బయళ్ల మీద చల్లినవి కోసిన గడ్డితో పాటు వచ్చి, ఎరువులో అతి స్వల్ప మోతాదులో ఉన్నా టమాటా, చిక్కుడు జాతి మొక్కల ఆకులను మెలిపెడతాయి. 2000 ప్రాంతంలో అమెరికాలోని వాషింగ్టన్ రాష్ట్రంలో కంపోస్టు కేంద్రాలు క్లోపిరాలిడ్ వల్ల ఇదే నష్టం చూశాయి. ప్రతి బ్యాచ్ నుంచి నమూనా తీసి, మామూలు కుండీ మట్టితో కలిపి చిక్కుడు గింజలు నాటి, పక్కన ఎరువు కలపని కుండీలో కూడా నాటి పోల్చడం మొదలుపెట్టాం. మూడు నాలుగు వారాల్లో లేత ఆకులు గిన్నెలా ముడుచుకుంటే ఆ బ్యాచ్‌ను కూరగాయల సాగుకు ఇవ్వం. ఈ కుండీలను గేటు దగ్గరే ఉంచాం. ఎరువు కోసం వచ్చినవాళ్లు మాటల కంటే ముందు ఆ మొక్కలను చూస్తారు.

ఇంకా కుదరనివి

వారానికొకసారి సేకరణ వచ్చాక సొంత ఇళ్లున్న వీధుల్లో మిగతా చెత్త సంచుల్లో ఆహార వ్యర్థాల వాటా స్పష్టంగా పడిపోయింది. కేంద్రానికి వచ్చే లోడు శుభ్రపడింది, నర్సరీలు మళ్లీ రావడం మొదలుపెట్టాయి. అపార్టుమెంట్లలో ఫలితం ఇప్పటికీ బలహీనంగానే ఉంది. ఉమ్మడి డబ్బాలో ఎవరు ఏమి వేశారో తెలియదు కనుక చీటీ పద్ధతి అక్కడ పనిచేయదు. ఒక్క ఇల్లు వేసిన ప్లాస్టిక్ కవరు యాభై ఇళ్ల శ్రమను పాడుచేస్తుంది. దక్షిణ కొరియా 2005లో ఆహార వ్యర్థాలను నేరుగా పూడ్చడాన్ని నిషేధించి, 2013లో పరిమాణాన్ని బట్టి రుసుము వసూలు చేసే విధానాన్ని దేశమంతటా తెచ్చింది. అక్కడి చాలా అపార్టుమెంట్లలో కార్డు చూపితేనే మూత తెరుచుకుని, వేసిన బరువును నమోదు చేసే డబ్బాలున్నాయి. అంత ఖర్చు పెట్టలేని చోట, తాళం చెవి ఉన్నవాళ్లే తెరవగల డబ్బాలూ, ప్రతి భవనంలో కాపలాదారుకో నివాసుల సంఘంలో ఒకరికో బాధ్యత అప్పగించడమూ ప్రయత్నిస్తున్నాం. బాధ్యత తీసుకునే మనిషి ఉన్న భవనంలో డబ్బా శుభ్రంగా ఉంటోంది, ఆ మనిషి మారినప్పుడు మళ్లీ మొదటికి వస్తోంది.

మరొకటి ఒప్పందం. సేకరణ కాంట్రాక్టరుకు టన్నుకు ఇంత అని చెల్లించినంతకాలం అతనికి తడి గడ్డి లాభం, తేలికైన ఎండు కొమ్మలు నష్టం. లోడులో మట్టి వచ్చినా అభ్యంతరం ఉండదు. కొత్త ఒప్పందంలో చెల్లింపును సేవ అందిన ఇళ్ల సంఖ్యకూ, లోడు శుభ్రతకూ ముడిపెట్టి, తోట చెత్త బరువుకు ఎటువంటి అదనపు మొత్తమూ లేకుండా ముసాయిదా రాశాం. లోడు శుభ్రతను ఎవరు, ఏ నమూనాతో, ఎవరి సమక్షంలో కొలవాలన్న నిబంధన మీద కాంట్రాక్టరు పక్షంతో చర్చ ఇంకా నడుస్తోంది. ఇరుపక్షాల మనుషులూ ఎదురుగా ఉండగా, ముందుగా చెప్పకుండా ఎంచిన లారీని కేంద్రంలోనే పరిచి ఏరి తూచాలన్న చోట మేము పట్టు వదలలేదు.